మూడో పేజీ అంచు

అరబ్బీ నాకు చదవరాదు.
ఇరవై ఎనిమిదేండ్లు అదే అచ్చు కొట్టిన.

రూవీ దాటినంక, వాదీ కబీర్ల
రేకుల షెడ్డు కింద మిషిను.
రాత్రి పదకొండుకు గంట మోగితే
నేల వణికి
గ్లాసుల చాయ మీద వలయాలు లేచేవి.

నాకంటే ముందు సీసం అక్షరాలుండేనట.
బదావీ అనే సూడాను ముసలాయన
ఒక్కొక్కటి ఏరి, అద్దంల చూసినట్టు తిరగేసి పేర్చేటోడట.
నేను పోయేసరికి ఆయనకు చూపు లేదు,
అక్షరాలు డబ్బాలల్ల పడి ఉన్నయి.
ఒక ఈదు నాడు డబ్బ విప్పి
వేలితోని తడిమి "ఇది నూన్" అన్నడు.
నాకొచ్చిన అరబ్బీ అదొక్కటే:
ఒక గిన్నె, మీద ఒక మెతుకు.

వార్త నాకు సిరాతోని తెలిసేది.
ఎరుపు, ఆకుపచ్చ డబ్బాలు దించిర్రంటే జాతీయ దినం.
నలుపు రెండింతలు తాగిందంటే
ఎవరో పెద్దమనిషి పోయినట్టు.
గోను తుఫాను రాత్రి వాదీ పొంగి
కాయితం రీళ్లు నీళ్లు తాగి
సూడి బర్రెల్లెక్క ఉబ్బినయి.
తెల్లారి నాలుగు పేజీలే. అయినా పేపరు పోయింది.

చెడిపోయిన కాపీలు రూముకు తెచ్చేది.
తొమ్మిదిమందిమి పరుసుకొని తినేది,
మంత్రుల మీద పప్పుచారు కారేది.

తర్వాత పేపరు బక్కపడ్డది.
ముప్పై రెండు, ఇరవై, పన్నెండు.
రోగమొచ్చిన యేడు కాయితం ముట్టొద్దన్నరు.
మిషిను బందైన రాత్రి
సప్పుడు లేక ఎవ్వలకూ నిద్ర పట్టలే.

స్క్రాపు లారీ వాకిట్ల ఉండంగ
పోకర్ కాకా గేర్లల్ల నూనె పోసిండు.
"ఇంకెందుకు కాకా?"
ఏమనలే. పోయేటోళ్ల నోట్లె నీళ్లు పోసినట్టు
సుక్క సుక్క పోసిండు.

నన్ను మాత్రం ఉంచుకున్నరు,
పాత సంపుటాలు మోసి పేజీలు తిప్పనీకె.
రుకయ్య అనే పిల్ల ఫొటోలు తీస్తది,
అంచులు కోసేస్తది.

ఎయిర్‌పోర్టుల నా బొటనవేలు మిషినుకెక్కదు.
కెమికలుకు గీతలన్నీ అరిగినయి.
తుడువు, మళ్ల పెట్టు, మళ్ల తుడువు అంటరు.
గని తొంభై ఆరుల, మూడో పేజీ కుడి అంచున
నల్లగ, గీతకు గీత
నా వేలు.

"ఇది కొయ్యకు బిడ్డా" అన్న, తెలుగులనే.
ఏం సమజైందో, చెయ్యి ఆపింది.

ఇప్పుడది ఏడున్నోళ్లకైనా కనిపిస్తదట.
రాత్రి నర్సింలు ఫోన్ల ఎతికిచ్చిన.
పేజీ సగం దిగి మసకబారింది.
కింద ఇంగ్లీషుల ఏదో రాసుంటే
చదివి నవ్విండు:
మిగిలింది చూడాల్నంటె
చందా కట్టాల్నట.