తక్కువసార్లు వచ్చేది

రమ్స్ ఊరి అవతల, ఉప్పు తేలిన నేల దాటాక
మా షూటింగ్ క్లబ్బు. తొమ్మిది లైన్లు, ఒక ఏసీ గది,
ఆ గది చివర నా బల్ల.
వీసాలో క్లీనర్ అని ఉంది.
నేల తుడవడానికే వచ్చాను.
బాకర్ చెయ్యి విరిగి దేశం వెళ్ళాక
గుడ్డ, నూనె, ఇత్తడి బ్రష్షు నాకొచ్చాయి.

శుక్రవారం పొద్దున్నే ఖల్ఫాన్ వచ్చాడు,
లైసెన్సు కాయితం ప్లాస్టిక్ కవర్లో మడిచి.
వాదీలో మేకలున్నాయట, రాత్రిళ్ళు కొండకుక్కలు దిగుతున్నాయట.
వారానికోసారి ఇక్కడ, తక్కిన రోజులు కొండల్లో.
"చవగ్గా కావాలి,
నా తర్వాత మా మోజా వాడేంత గట్టిగా కావాలి."

ఎలియాస్ అద్దాల కింద దీపాలు వేశాడు.
నెమలి మెడలా నల్లగా, నీలంగా మెరిసేది తీశాడు.
చెక్క పిడి; పేరు చెక్కించుకోవచ్చన్నాడు.
తర్వాత అరచేతిలో ఇమిడే చిన్నది. ఈకంత తేలిక.
ఖల్ఫాన్ రెండూ పట్టుకున్నాడు, పెట్టేశాడు.
గది ఈ చివరికి నడిచొచ్చి నన్నడిగాడు:
"వీటిలో నీ దగ్గరికి తక్కువసార్లు వచ్చేదేది?"

నన్నెవరూ ఏదీ అడగని గది అది.
నా వచ్చీరాని అరబ్బీలో, సగం హిందీలో చెప్పాను.

నల్లది వద్దు.
మాది అంతర్వేది పక్క పల్లె,
ఉప్పుగాలి ఏం చేస్తుందో బోటు మేకులు చూసి పెరిగాను.
ఆగస్టులో ఒక్క చెమట చెయ్యి తగిలితే చాలు
ఆ నీలం మీద చింతపండు మచ్చలు లేస్తాయి.
చిన్నది తేలికే, మొయ్యడానికి.
పేల్చితే మణికట్టు మీద కక్ష తీర్చుకుంటుంది.
కొన్నవాళ్ళు నాలుగో వారం నుంచి తీసుకురారు.
అలా అదీ నా దగ్గరికి తక్కువే వస్తుంది,
కానీ అది వేరే లెక్క.

కింది అరలో, చీటీ మీద ధర రెండుసార్లు కొట్టేసినది ఉంది.
తుప్పెక్కని స్టీలు, నాలుగంగుళాల గొట్టం, రబ్బరు పిడి,
ఎవరో అమ్ముకుపోయిన పాతది.
తెరిచి, ఆరు గదులూ వేలితో తడిమి చూపించాను.
ఖాళీ అని తెలిసినా తడమాలి.

కుండని కొట్టి చూసినట్టు చూడాలి దీన్ని.
సుత్తి లాగి, చక్రం కదిలించు. వదులు పన్నులా ఊగితే వద్దు.
చక్రానికీ గొట్టానికీ నడుమ సందులో
ట్యూబులైటు వెంట్రుకంత కనపడాలి, తాడంత కాదు.
గొట్టంలోకి తొంగి చూడు. లోపలి గీతలు
అప్పుడే తీసిన జంతికలా అంచులు నిలబడి ఉండాలి.
ఉత్తుత్తి గుళ్ళు వేసి నొక్కు,
ఆరూ ఒకే మాట చెప్పాలి.

ఆరూ ఒకే మాట చెప్పాయి.

ఇందులో పెద్ద గుండూ పడుతుంది, చిన్నదీ పడుతుంది.
ఇక్కడ చిన్నవే కాల్చు, సగం ఖర్చు.
కొండ మీద కుక్కలకి చప్పుడు చాలు.

"నువ్వెప్పుడైనా కాల్చావా?"
"లేదు."
వంట రానామె గిన్నె ఎంచినట్టుందని ఎలియాస్ నవ్వాడు.
తోమేవాళ్ళకి తెలుస్తుందిలే అన్నాను, తెలుగులో.

తరవాతి వారం ఖల్ఫాన్ సీసాడు ఉప్పుచేప తెచ్చాడు.
అద్దెగదిలో చింతపులుసు పెట్టుకుని తింటూ అనుకున్నాను:
అదే ఉప్పు. చేపని కాస్తుంది, ఇనుముని తింటుంది.

ఏడు నెలలైంది.
వస్తాడు, కాలుస్తాడు, తనే తుడుచుకుని పోతాడు.
ఆ తుడవడం నేర్పింది నేనే.
బల్లదాకా రావాల్సిన పనుండదు,
తలుపు దగ్గర్నుంచే చెయ్యెత్తుతాడు.
నా మాట నిజమైనందుకు
కొన్ని శుక్రవారాలు నాకేం తోచదు.

మొన్న మోజాని తీసుకొచ్చాడు.
పద్దెనిమిది దాటి ఉంటాయేమో, చేతికి ఇంకా గోరింట.
చక్రం తెరిచింది.
ఖాళీ అని తండ్రి చెబుతూనే ఉన్నాడు,
ఆరు గదులూ వేలితో తడిమింది.