జాబితాలో లేనిది

భాకరాపేట చెక్‌పోస్టులో
నాది గేటు ఎత్తే పని కాదు, దించే పని.
ఎత్తడానికి తిరుపతిలో పెద్దాఫీసరు సంతకం కావాల.
దించడానికి నేను చాలు.

ఆ యమ్మ పేరు ఇలోనా.
పాస్‌పోర్టులో ఇంకా పొడుగుండాది,
రిజిస్టరు గడిలో పట్టక కింది వరసకు జారింది.
దేశం: హంగరీ.
భర్త పేరు కాడ ఒక అడ్డగీత.
వచ్చిన పని ఏమని అడిగిన చోట
ఒకటే మాట రాసింది: వినడానికి.

"అట్ల రాస్తే ఒప్పరమ్మా,
పరిశోధన అని రాయండి" అన్నాను.
కొట్టేసి రాసింది.
కొట్టేసిన మాటే ముందు కనబడతా ఉండాది.

పర్మిట్టుకు పదకొండు రోజులు.
లాడ్జీ వాళ్లు సి-ఫారం నింపాల,
పోలీసులు దాన్ని చూడాల,
చూసినట్టు మాకు రాయాల,
వాళ్లు రాసినట్టు మేము పైకి రాయాల.
ఆ పదకొండు రోజులూ ఆమె
పీలేరు బస్సులో వచ్చి బంకు బెంచీ మీద కూర్చునేది.
సంగటి ముద్దకు గుంట చేసేది నేర్చుకునింది.
ఊరిబిండి కారానికి కండ్లనీళ్లు తుడుచుకుంటా
ఇంకొంచెం వెయ్యమనేది.

షరతులు నేనే చదివినాను.
ఆరుకు ముందు పోరాదు, ఐదు దాటి ఉండరాదు.
అగ్గిపెట్టె కూడదు.
ఎర్రచందనం పేడు చెప్పుకు అంటుకొని వచ్చినా కేసే.
ఒంటిగా పోరాదు,
శాఖ గుర్తించిన దారి తెలిసిన మనిషి ఉండాల.

దారి తెలిసిన మనిషి ఆడనే ఉండాడు,
యానాది ఈరయ్య,
గాలి మూచూసి నీళ్ల జాడ చెప్పేటోడు.
శాఖ గుర్తించలేదు.
ఆధార్‌లో వీరయ్య, రేషన్ కార్డులో ఈరన్న,
పాత కేసు కాగితంలో
"పేరు చెప్పని వ్యక్తి, తేనె రెండు సీసాలు."
ఇన్ని పేర్లకు ఒక్క మనిషి సరిపోడని
దరఖాస్తు తిప్పి పంపినారు.

పన్నెండో పొద్దు ఆమె లోపలికి పోయింది.
తోడు పోయిన గార్డు
మదనపల్లె నుంచి బదిలీ మీద వచ్చి నెల,
ఫోనులో మ్యాపు చూస్తా నడిచినాడు.
ఈరయ్య గేటు బయట కల్వర్టు మీద కూర్చున్నాడు.
"బండ మలుపు కాడికి పోయుంటారు."
"నీకెట్ల తెలుసు?"
"కొండముచ్చు కసిరింది, వినలేదా సామీ?"
నాకు లారీలే వినబడినాయి.

ఐదుకు పది నిమిషాలుండగా తిరిగొచ్చినారు.
రూలు ప్రకారం సంచి వెతికినాను:
కమలా తొక్కలు, ఖాళీ సీసా,
పిల్లికూన మాదిరి బొచ్చు తొడుక్కున్న మైకు.
ఆమె చెవులకున్న డిప్పలు తీసి
ఈరయ్య చెవులకు పెట్టింది.

కండ్లు మూసుకున్నాడు.
"పిగిలిపిట్ట" అన్నాడు. ఆమె రాసుకుంది.
"జెముడుకాకి. ఇది ఆడది."
"గార్డు దగ్గినాడు." అదీ రాసుకుంది.
తర్వాత శానాసేపు ఏం చెప్పలేదు.
"నీళ్లు" అన్నాడు.
"రాతిసందులో పడి, ఒకసారి ఆగి, మళ్లా పడతాది.
ఆగి పడే నీళ్లు ఆడ తప్ప ఇంగ యాడా లేవు.
మా యమ్మ నన్ను కనింది ఆ గుండం పక్కనే."

అడవి నుంచి బయటికి పోయే సరుకుకు వేరే రిజిస్టరు.
జాబితా మీద వేలు పెట్టి కిందిదాకా చూసినాను:
తేనె, కుంకుడు, బంక, ఉసిరి, చింతపండు,
నన్నారి వేర్లు, చీపురు పుల్ల.
నీళ్ల చప్పుడు లేదు.
"ఏమీ లేదు" అని రాసి సంతకం పెట్టినాను.
రాసిన చెయ్యి కొంచెం అబద్ధం వాసనేసింది.

గోడ గడియారంలో ఐదూ ఇరవై.
ఐదు దాటితే మనుషులెవురూ లోపల ఉండరాదు.
కల్వర్టు మీద, గేటుకు ఇవతల కూర్చొని
ఈరయ్య ఇంకా లోపలే ఉండాడు.

దించాల్సిన తాడు చేతిలో పట్టుకొని
నేను నిలబడుకోనుండా.