పచ్చ మరక

స్టీలు క్యారియర్లో ఉప్పునీళ్లు పోసి తెచ్చింది
పామంజి కావమ్మ,
రామాయపట్నం నుంచి కావలి దాకా
ఆటోలో ఒళ్లో పెట్టుకుని, తొణక్కుండా.

మూత తీస్తే ఎర్ర నాచు,
విప్పిన జడపాయల్లాగా.
తాళ్లకి కట్టి పెంచుతోంది, ఇంకో ఆరుగురితో కలిసి.
కొనే ఆయన తూత్తుకుడి నుంచి వస్తాడు.

"చూడబ్బయా, ఈడ, ఇదిగో ఈడ.
పచ్చ మరక. కడిగితే పోలా.
గోరుతో గీకినా పోలా."

అది పైన ఉంటే కదా.

క్యారెట్టు చీల్చి, మధ్యన నాచు ఇరికించి
బ్లేడుతో పొరలు కోశాను.
ఇరవై రెండేళ్లుగా ఇదే పని నాకు,
పిల్లల రికార్డుల్లో బొమ్మలుంటాయి, నా పేరుండదు.
ఎనిమిది ముక్కలు పారేశాక
తొమ్మిదోది ఉల్లిపొరకన్నా పలచగా వచ్చింది.

మైక్రోస్కోపు అద్దం తిప్పి కిటికీ ఎండని పట్టాను.
ఎర్రెర్రటి గదులు, గోడకి గోడ ఆనుకుని.
ఆ గోడల సందుల్లో
పచ్చ దారం.
ముడులు ముడులుగా, కొమ్మలేస్తా,
ఏ గదిలోకీ పోకుండా
అన్ని గదుల చుట్టూ తిరగతా.

"ఇదీ నాచేనమ్మా. నాచులో కాపురముండే నాచు."

ఒక కన్ను అరచేత్తో మూసుకుని
రెండోది గొట్టానికి ఆనించింది కావమ్మ.
చానాసేపు మాట్లాడలా.
"ఎట్టా దూరిందబ్బయా?"

చుక్కంత ఉంటది, తోకతో ఈదుకుంటా వస్తది,
నచ్చినచోట తోక వదిలేసి
వేలు దూర్చినట్టు దూరతది, అన్నాను.
"తిండో?"
ఎరుపు కొంత వెలుగుని ముట్టుకోదమ్మా,
లోపలికి జారిపోనిస్తది.
అదే పచ్చకి అన్నం.

"మిగిలిందే తింటదా అయితే."
కన్ను తియ్యకుండానే నవ్వింది.
"మా తాళ్లూ అంతే గదా.
పెద్దవలలోళ్లు వదిలిన సందులో కట్టుకున్నాం.
మమ్మల్నీ గీకుతానే ఉండారు."

మళ్లీ తనే,
"రేటు కోస్తాడు ఆయన, మరకుంటే."

మందేమన్నా ఉందా అంటే, లేదన్నాను.
మేడం సోమవారం వస్తుందన్నాను.
క్యారియర్ మూత బిగించి
మిగిలిన క్యారెట్టు కొంగులో వేసుకుని పోయింది.

సాయంత్రం స్లైడు ఆరిపోతంటే
మరిచిపోయి కుళాయి నీళ్లు చుక్క వేశాను.
ఉప్పులేని నీళ్లకి ఎరుపు కరిగి కారిపోయింది.

మళ్లీ కన్ను ఆనించాను.
మొత్తం పచ్చగానే ఉంది.
ఏది గోడో
ఏది దారమో
దీపాలు పెట్టేవేళ దాకా వెతకతానే ఉన్నాను.