సీసా మీద తేదీ

రండర్రా, చెప్పులు బయటే.
ఇక్కడ వరస అక్కర్లేదు.
పెద్దసారు స్వాగతం హాల్లో అయిపోయింది కదా,
రంగుల కాగితాలు చేతికిచ్చారు కదా.
నేను మట్టి ల్యాబు అటెండర్ని.
పంతొమ్మిదేళ్లుగా ఈ గాజుగొట్టాలు కడుగుతున్నాను,
నాకు తెలిసినంత చూపిస్తాను.

ఈ అరల్లో ఉన్నది మన డెల్టానే,
పావుకిలో సంచుల్లో.
లంక ఇసుక, అంతర్వేది బురద,
ముమ్మిడివరం రొయ్యల చెరువు అడుగున
నల్లగా కంపుకొట్టే జిగురు.
ముక్కు మూసుకోకమ్మా,
ఆ కంపు మీదే ఒకాయన డాక్టరేటు తీసుకున్నాడు.

కిటికీ దగ్గర తలొంచుకున్నది మట్టా సువార్త.
వాళ్ల నాన్న కౌలుకి చేసిన ముప్పాతిక ఎకరం
ఉప్పు పొంగి, నారు కొనలు తెల్లబడి పోయింది.
ఎందుకని అడిగితే ఊళ్లో
ఒకరు చెరువులన్నారు, ఒకరు చమురు బావులన్నారు,
ఒకరు ఖర్మన్నారు.
మూడూ రాసుకుని ఇక్కడికొచ్చింది.
ఖర్మనెలా కొలుస్తావే అని నవ్వాను.
"మిగతా రెండూ కొలిచాక ఏమైనా మిగిలితే
అప్పుడు చూద్దాం బాబాయ్" అంది.

నాలుగేళ్లయింది.
ఆ పుస్తకంలో కుడివైపు గడి చూడండి, ఖాళీ.
మీ కాలేజీలో ఖాళీ వదిలితే సున్నా వేస్తారు.
ఇక్కడ దాని ముందు కూర్చోడానికి డబ్బులిస్తారు,
అదీ మూణ్ణెల్లకోసారి, ఆలస్యంగా.

అబద్ధమెందుకు, హాస్టల్ పప్పులో నీళ్లెక్కువ.
మే నెల్లో కరెంటు పోతే
నమూనాలు పాడవకుండా
ఐసు కోసం చేపల మార్కెట్టుకి పరిగెత్తిన రాత్రులున్నాయి.
వరదలో పడవ కట్టించుకుని
లంకల్లో గొట్టాలు దించొచ్చిన పిల్లలున్నారు,
తిరిగొచ్చాక వాళ్లమ్మల చేత తిట్లు తిన్నది నేను.

ఏంటి బాబూ, ఫీజా?
ఆ బల్ల దగ్గర రాసిపెట్టారు.
ఇది ఎవరి సొంతమూ కాదయ్యా.
మీవాళ్లు సబ్బుబిళ్ల కొన్నా, అగ్గిపెట్టె కొన్నా
కట్టిన పన్నుతో కొన్న తక్కెడ ఇది.
గాజుపెట్టెలో ఉన్నా మీదే, దగ్గరికి రండి.
ఊపిరి మాత్రం బిగబట్టండి,
గాలి తగిలినా అంకె కదుల్తుంది.

చేరతారో లేదో మీ ఇష్టం.
మళ్లీ వస్తే మాత్రం
మీ ఇంటి బోరు నీళ్లు ఒక సీసాడు పట్రండి.
కూల్‌డ్రింకు సీసా చాలు,
ఆ నీళ్లతోనే రెండుసార్లు కడిగి, అంచుదాకా నింపి
పైన ఊరి పేరు, తేదీ రాయండి.
తేదీ మర్చిపోతే
అవి వట్టి నీళ్లు, మొక్కలకి పోస్తాను.