ఉప్పుమూట

శ్రావణం. భాగీరథి ఎగువన ఎక్కడో కొండ విరిగింది.
మూడు రోజులుగా దారి లేదు, కరెంటు లేదు.
ఆశ్రమంలో మేం ఐదుగురం, పూటపూటా కిచిడీ,
తెగని చర్చ ఒక్కటే:
కాలికి పట్టిన జలగని ఏం చెయ్యాలి?

యమాల్లో మొదటిది అహింస అని
గురువుగారు గోడ మీద సుద్దతో రాశారు.
తేమకి గోడ ఉబ్బి
ఆ మూడక్షరాలూ కాస్త నెత్తురు తాగినట్టే ఉన్నాయి.
జర్మనీ నుంచి వచ్చిన హెల్గా
తలగడ కింద అగ్గిపెట్టె దాచుకుంది.
నేను దాచుకోలేదు. ఆ సంగతి
రెండుసార్లు చెప్పాను కూడా.

పొద్దున్నే దేవదారు కింద పద్మాసనం వేశాను.
చీలమండ దగ్గరికి అగ్గిపుల్లంత సన్నంగా వచ్చింది.
తడుముకుంది, వెతుక్కుంది, అతుక్కుంది.
కదల్లేదు నేను.
కదల్లేదని ఎవరైనా చూస్తున్నారా అని
ఒక కన్ను కొంచెం తెరిచాను.

అది ద్రాక్షపండంత అయింది.
లోపల నేనూ అంతే అయ్యాను.

అప్పుడొచ్చింది గడ్డికోసే ఆమె,
వీపు మీద మోపు, చేతిలో కొడవలి,
నడుముకి చిన్న గుడ్డమూట.
అందులో ఉప్పుందని నాకు తెలుసు.
ఉప్పు పడితే జలగ ఎట్లా మెలికలు తిరుగుతుందో అదీ తెలుసు.
చెయ్యి అడ్డం పెట్టాను,
"వద్దు. ప్రాణం తియ్యకు."

నా మొహం కేసి చూసింది.
నాలుగు రోజులుగా నా గదికి
వేణ్ణీళ్ల బకెట్టు మోస్తున్న మనిషి.
నేను ఆమెతో అన్న మొదటి మాట అది.

మోపు దించి రాతిగట్టు మీద కూర్చుంది.
తన పిక్కలకీ ఉన్నాయి మూడు.
మూతి కిందికి గోరు పోనిచ్చి
నిద్రపోయిన పసిదాని నోటి నుంచి రొమ్ము విడిపించినట్టు
ఒక్కోటీ విడిపించి తడిగడ్డిలో వేసింది.
"వానాకాలమేగా వాటికీ కోతలు" అంది.
నలిపిన ఆకు ఏదో గాయానికి అద్దుకుంది.
వ్రతమేం కాదు. మధ్యాహ్నం లోపు
ఇంకా రెండు మోపులు కొయ్యాలి.

అప్పుడు మూట విప్పింది.
పచ్చిమిరప, వెల్లుల్లి వేసి నూరిన ఉప్పు.
ఒళ్లోంచి ముదురు దోసకాయ తీసి
కొడవలితో నిలువునా చీల్చి
ఉప్పు రాసి
పెద్ద ముక్క నాకిచ్చింది.

కళ్లలో నీళ్లు తిరిగాయి.
మిరపఘాటు అనుకుందేమో, నవ్వింది.

నా జలగ ఎప్పుడు రాలిపోయిందో గమనించలేదు.
నెత్తురు మాత్రం మడమ దాకా
తీరిగ్గా కారుతోంది.

"నీ పేరేమిటి?" అని అడిగాను.
జసులి, అంది కాబోలు.
నది హోరులో సరిగా వినపడలేదు.

మళ్లీ అడిగాను.