పన్నెండు తెల్ల చొక్కాలు

సోమవారం పొద్దున్నే వచ్చేది మూట,
నల్లవంతెన పక్క నా ఇస్త్రీబండి మీదికి.
ఆరు ఆయనవి, ఆరు జతగాడివి.
అన్నీ తెలుపే. కాలరు పట్టుకుంటే చెప్పేసేదాన్ని ఏది ఎవరిదో:
ఆయన మెడ అరటిబోదంత.

జేబు మీద నల్లబిళ్ళ. ఎల్డర్ వైనికోలో.
ఎల్డరంటే పెద్దాయనని
ఎరువులకొట్టు గుమాస్తా చదివి చెప్పాడు.
పంతొమ్మిదేళ్ళ పెద్దాయన!
గడ్డాన నాలుగు వెంట్రుకలు,
అవీ ఒకదాన్నొకటి పిలిస్తే వినపడనంత దూరం.
ఊళ్ళో నోరు తిరక్క వెన్నకోల అన్నారు.
దానికీ పలికాడు.

టోంగా అట దేశం. సముద్రం నడిమధ్యన.
కొబ్బరిచెట్లున్నాయా బాబూ అంటే
అవే ఉన్నాయండి, అన్నాడు.

తెలుగులో ముందు నేర్చింది ఆయ్.
కూరలామె ఎంత చెప్పినా ఆయ్,
ఆటోవాడు ఎంత అడిగినా ఆయ్.
టీ దగ్గర మాత్రం మొదటిరోజే వచ్చేసింది, వద్దండి.
కాఫీ? వద్దండి.
ఒంటికి పడదా?
మాటిచ్చానండి.
ఎవరికని అడగలేదు నేను.
నిమ్మకాయ కోసి నీళ్ళిచ్చాను, రెండు గ్లాసులు తాగాడు.

ఆరున్నరకి లేచి మేడ మీద దండీలు తీస్తుంటే
అనంతలక్ష్మిగారి పోపులడబ్బాలు గలగలమనేవట.
తర్వాత పుస్తకం.
అద్దం నిండా అంటించిన కాగితాలు: గరిట, గొడుగు, గోరు.
తర్వాత టై బిగించుకుని
ఉడుకుతున్న గాలిలోకి ఇద్దరూ,
పిలిచినవాళ్ళ ఇళ్ళకి.
కొందరు గుమ్మంలోనే రేపు రండనేవారు.
రేపంటే రేపేననుకుని
మర్నాడు అదే వేళకి వెళ్ళి నిలబడేవాడు.

నా దేవుడి గురించి ఆయన అడగలేదు,
ఆయన దేవుడి గురించి నేనడగలేదు.
బొత్తాల గురించి మాట్లాడుకునేవాళ్ళం.

జతగాళ్ళు మారిపోయేవారు.
ఒకడు గురకపెట్టేవాడు,
ఒకడు రాత్రిళ్ళు ఏడ్చేవాడు.
నాకెవరూ చెప్పలేదు. చొక్కా చేతులకి తెలుస్తుంది.

ఇంటికి ఫోను కూడా సోమవారమే,
నా బండి వెనక బల్ల మీద కూచుని.
ఎండాకాలం చివర ఒక సోమవారం
ఫోను పెట్టేశాక లేవలేదు.
తాత, అన్నాడు.
వెళ్ళాలంటే వెళ్ళొచ్చట.
ఆ తాతే ముందుగా చెప్పి ఉంచాడట, నడిమధ్యలో రావద్దని.

లేచి పక్క దొడ్లో కొబ్బరిరాశి దగ్గరికి నడిచి
వొలుపు గునపం చూపించి అడిగాడు.
నవ్వారు వొలుపువాళ్ళు.
ఒక పోటు, ఒక తిప్పు, ఇంకో పోటు.
కాయ బోడిగా వచ్చి చేతిలో పడింది.
ఇంకోటి.
బీడీలు ఆర్పేసి పక్కకి జరిగారు వాళ్ళు.
రాశి సగం దిగేదాకా ఎవరూ మాట్లాడలేదు,
జతగాడు ఒక్కో కాయా అందిస్తూ ఉన్నాడు.

కొబ్బరిపీచు మరక పోదు.
ఉడకబెట్టాను, నిమ్మచెక్క రుద్దాను, ఎండలో వేశాను.
ఛాతీ మీద గోదారిపాయలా ఉండిపోయింది.
కొబ్బరిచిప్పల నిప్పులే నా ఇస్త్రీపెట్టెలో,
దాన్నే ఆ మరక మీద నడిపాను, మెల్లిగా.
ఆదివారం మీటింగుకి అదే తొడుక్కున్నాడట.

ఇంకోనాడు అడిగాను, మీ అమ్మ పెట్టిన పేరేంటని.
జతగాడు సోడాబండి దగ్గరున్నాడు.
అటు చూసి ఇటు చూసి చెప్పాడు,
ఏడాదిన్నరగా ఇక్కడెవరూ పిలవని పేరు,
ఆయన నోటికే కొంచెం బిగుసుగా ఉన్నట్టుంది.
అది మీకు చెప్పను.

శ్రావణంలో వేరే ఊరు వేశారు.
ఇప్పుడు మూట తెచ్చేది ఒక ఫిలిప్పీన్సు కుర్రాడు,
సన్నటి మెడ.
టీ పొయ్యబోయి ఆగాను.
చొక్కాలు లెక్కపెట్టాను, పన్నెండే.
రేపు రా బాబూ, అన్నాను.
నిజంగా రేపే, అని మళ్ళీ చెప్పాను.