నాలుగో అంతస్తు కింద

స్కూల్లో ఇచ్చిన ఫారంలో ఆఖరి గడి:
నీ లక్ష్యం.

అమీర్‌పేటలో, నాలుగో అంతస్తు కోచింగుకు
రోజూ ఎక్కే లిఫ్టు
ఆ సాయంత్రం ఆగింది.
అందరూ మెట్లెక్కి రొప్పుకుంట పోయిన్రు.
నేను పోలే.

మెకానిక్ జంగయ్య తలుపు వారగా తీసి
టార్చి నా చేతికిచ్చిండు.
"ఇటు పట్టు బిడ్డా, వణకకు."
చీకట్ల గ్రీసు వాసన,
నల్లటి తాళ్లు,
ఇనుప దిమ్మ ఒకటి.
"మీరు పైకి పోతుంటే
అది కిందికి దిగుతది. గంతే కథ."

ఇన్ని రోజులు నా పక్కనుంచే దిగిందా!
ఫిజిక్స్‌ల మూడు మార్కులు పోయిన లెక్క
ఇక్కడ తాడుకు వేలాడుతుంది.

క్లాసు అయిపోయింది.
నాన్నకు మెసేజ్ పోయే ఉంటది.
గడి ఇంకా ఖాళీనే,
మూలకు నల్లటి వేలిముద్ర.
రబ్బరుతో రుద్దిన, పోలే.
మల్ల రుద్దలే.